తెలుపు

నెత్తురు చుక్క రాలలేదు.
జిగణి క్వారీలో ఆ పొద్దు
అనుకున్నదానికంటే ముందే మందు పేలింది.
ట్రాక్టరు పక్కన నిలబడిన ఓబులేసుకు
గీరుకొని కూడా పోలేదు.
దుమ్ము దులుపుకొని లేచినాడంట,
చెవుల్లో కీచురాళ్ళు అరుస్తాండాయని నవ్వినాడంట,
టీ తాగి, సగం బన్ను తిన్నాడంట.
"నీ పెండ్లాం తాళి గట్టిదిరా" అన్నాడంట మేస్త్రీ.

నేనూ అట్లే అనుకొంటి
మూడు వారాలు.

కరివేపాకు తెస్తానని పోయిన మనిషి
అంగడి ముందర చెయ్యి చాపి నిలబడిపోయినాడు.
అంగడాయన కన్నడంలో అడిగె, తమిళంలో అడిగె,
కడాకు తెలుగులో అడిగె.
చేతిలో పది రూపాయల బిళ్ళకు చెమట పట్టింది, అంతే.
కుక్కరు కూత పెడితే మంచం కిందికి దూరినాడు.
బిడ్డను "ఒసే... ఒసే..." అంటాడు.
చైత్ర అనే రెండక్షరాలు
కండ్లలో కనపడతాయి, నోట్లోకి దిగవు.

"గాయం చూపించమ్మా, లెక్క ఇస్తా" అన్నాడు కాంట్రాక్టరు.
యాడని చూపించేది?
తల పాయలు పాయలుగా తీసి వెతికినా.
పేలు దొరికినాయి గాని పేలింది దొరకలేదు.

మొదటి ఫోటో బాగుందన్నారు.
రెండోది, ధడధడ మోగే గొట్టంలో.
ఆ మోతకు ఆయన కాళ్ళు తన్నుకుంటాంటే
లోపలికి రమ్మన్నారు నన్ను.
తాళి, మెట్టెలు తీసి నర్సు చేతికిచ్చి
ముక్కాలు గంట ఆ పాదాలు పట్టుకొని నిలబడినా.

డాక్టరమ్మ చిన్నపిల్ల.
కంప్యూటరులో ఎరుపు, పచ్చ, నీలం పోగులు చూపించి
"ఇదంతా బిళి భాగ" అనింది.
గాలి దెబ్బకు లోపల మెత్తటి మెదడు అల్లాడిందంట,
పొడుగు నరాలు సాగినాయంట.
అన్నీ ఆ రోజే తెగవంట.
సాగినవి తర్వాత తర్వాత, నిమ్మళంగా,
మనిషి టీ తాగుతాంటే, నవ్వుతాంటే.

నాకు తెలుసమ్మా, అన్నా.
బొమ్మనహళ్ళిలో పదకొండేండ్లు కాలర్లు కుట్టినా.
అడుగున బాబిన్ దారం అయిపోయినా
పైన సూది నడుస్తానే ఉంటాది.
చిల్లులు వరసగా పడతాయి, చూసేదానికి కుట్టే.
పట్టి లాగితే గదా
రెండు పొరలూ దేనికది.
ఆయమ్మ పెన్ను ఆపి నన్ను చూసింది.
కొన్ని మాటలు చుట్టుదోవ వెతుక్కుంటాయి,
అన్నీ కాదు, అనింది. అబద్ధం చెప్పలేదు.

బస్సులో ఆ బిళి నన్ను వదల్లేదు.
మన భాషలో తెలుపు.
రంగూ అదే, చెప్పమనేదీ అదే.
మా యమ్మ పోయినప్పుడు వచ్చిన కార్డులో
"వ్రాసి తెలుపునది ఏమనగా" అని ఉండె.
ఈయనకు తెలిసింది యాడిది ఆడనే ఉండాది.
తెలిపేదే తెగిపోయింది.
సిల్క్ బోర్డు దగ్గర బస్సు కదలదు.
డ్రైవరు తిట్టుకొని తిట్టుకొని
పేరు తెలీని సందుల్లోకి తిప్పినాడు.
ఈయన నా భుజం మీద నిద్రపోతా ఉండాడు,
తలకాయ బరువు ఎప్పటంతే.

నిన్న రాత్రి పప్పు వడ్డించి
ఉప్పు సరిపోయిందా అని అడిగినా.
నన్ను చూసినాడు. తిన్నాడు. చెయ్యి కడిగినాడు.
తట్టలు తోమినా. చైత్ర లెక్కలు చేసుకునె.
లైటు తీసేస్తిమి.
రెండు దాటినాక ఎప్పుడో, చీకట్లో,
"చాల్లేదు" అన్నాడు.

లేచి కూర్చున్నా.
ఏమి చాల్లేదు, లెక్కనా, బతుకునా అని అడగబోయి
నోరు మూసుకొంటి.
ఎన్ని సందులు తిరిగొచ్చిందో ఆ మాట,
కాళ్ళు కడుక్కోనీ ముందు.

పొద్దున పప్పులో
ఇంకో చిటికెడు వేసినా.